బ్రౌన్ దొర సమాధికి దారి: కెన్సల్ గ్రీన్ శ్మశానం, దాని ఆన్‌లైన్ రూపాల మీద రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది శ్మశానం రివ్యూ. మా ఊళ్లో అయితే ఈ మాట ఎత్తగానే "పొద్దున్నే ఆ మాటలేంట్రా" అని ఎవరో ఒకరు కసురుకుంటారు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, లండన్ వచ్చే మనవాళ్లు బిగ్ బెన్ చూసి, టవర్ బ్రిడ్జి మీద సెల్ఫీ దిగి, ఈస్ట్ హామ్‌లో దోసె తిని వెళ్లిపోతున్నారు. మనకు నిఘంటువు రాసిపెట్టిన సి.పి. బ్రౌన్ ఇదే ఊళ్లో, బేకర్లూ లైన్‌లో కెన్సల్ గ్రీన్ స్టేషన్ దిగి నడిచి వెళ్లగలిగే చోట ఉన్నాడని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కూడా సగం మంది "ఫొటో నెట్‌లో చూశాంలే" అని ఊరుకుంటారు. ఆ నెట్‌లో చూడ్డం సరిపోతుందా, పనిగట్టుకుని వెళ్లాలా, అదీ విషయం.

చోటు గురించి కొంచెం. 1830ల దాకా లండన్‌లో చనిపోయినవాళ్లను చర్చిల పక్కనున్న చిన్న చిన్న జాగాల్లోనే పూడ్చేవాళ్లు. ఊరు ఉబ్బిపోయి జాగా చాలక పాత శవాల మీదే కొత్త శవాలు, వాసన, దానికి తోడు కలరా భయం. జార్జ్ ఫ్రెడరిక్ కార్డెన్ అనే లాయరు పారిస్‌లో పెర్ లాషేజ్ చూసి, మనకూ ఇలాంటి తోట శ్మశానం కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. చివరికి పార్లమెంటు చట్టం చేసింది, జనరల్ సెమెటరీ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ పుట్టింది, 1833లో గేట్లు తెరిచారు. ఇప్పటికీ దాన్ని నడిపేది ఆ కంపెనీయే, ఇప్పటికీ అక్కడ అంత్యక్రియలు జరుగుతూనే ఉన్నాయి. 72 ఎకరాలు, 65 వేల పైచిలుకు సమాధులు, వాటిలో దాదాపు రెండున్నర లక్షల మంది. లెక్క సరిపోవడం లేదేంటి అనుకోకండి, ఒక్కో గుంటలో ఒక్కరే ఉండరు, ఆ సంగతికి మళ్లీ వస్తా. దీని తర్వాత లండన్ చుట్టూ ఇంకో ఆరు వచ్చాయి, ఏడింటినీ కలిపి మాగ్నిఫిసెంట్ సెవెన్ అంటారు. వాటిలో కార్ల్ మార్క్స్ సమాధి పుణ్యాన హైగేట్‌కి పేరెక్కువ, టికెట్ కూడా పెట్టారు. ఇక్కడ ప్రవేశం ఫ్రీ.

మొదట్లో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1843లో విక్టోరియా రాణి బాబాయి, ససెక్స్ డ్యూక్, తనను రాజకుటుంబం వాళ్లలా విండ్సర్‌లో పూడ్చొద్దు, కెన్సల్ గ్రీన్‌లో పూడ్చమని చెప్పి చనిపోయాడు. ఇంకేముంది, మన గచ్చిబౌలిలో ఏదో గేటెడ్ కమ్యూనిటీలో సినిమా హీరో విల్లా కొన్నాడని తెలిస్తే ఎలా ఎగబడతారో అలా డబ్బున్నవాళ్లంతా ఇక్కడ జాగా కోసం ఎగబడ్డారు. చాపెల్‌కి, అంటే లోపలి ప్రార్థన మందిరానికి వెళ్లే నడి దారి పొడవునా ఆ పోటీ ఇప్పటికీ కనిపిస్తుంది, ఎవడి సమాధి ఎంత ఎత్తు, ఎవడికి ఎన్ని రెక్కల దేవదూతలు అన్నట్టు.

ఆండ్రూ డుక్రో అని, సర్కస్‌లో గుర్రాల మీద నిలబడి ఫీట్లు చేసే ఆయన ఉండేవాడు. ఆయన సమాధి ఈజిప్టు గుడి నమూనాలో ఉంటుంది, స్ఫింక్స్‌లు, తామరలు, రంగుల ఆనవాళ్లు, పైగా "ప్రతిభ తన అవశేషాలను ఉంచుకోవడానికి కట్టించుకున్నది" అన్న అర్థం వచ్చేలా రాయించాడు. వినయం అసలే లేదు. ఇంకొంచెం ముందుకెళ్తే జాన్ సెయింట్ జాన్ లాంగ్, వైద్యం పేరుతో జనం ఒళ్లు కాల్చిన నాటు డాక్టరు, ఒక పేషెంటు చావుకు కారణమయ్యాడని కోర్టు శిక్ష కూడా వేసింది, 1834లో పోయాడు. ఆయనకు గుండ్రటి మంటపం, మధ్యలో ఆరోగ్య దేవత విగ్రహం! కట్టించింది ఆయన దగ్గర నయమైందని నమ్మిన పేషెంట్లే. కోర్టు తీర్పు సంగతి రాతి మీద ఉండదు కదా.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మేజర్ జనరల్ సర్ విలియం కేస్‌మెంట్ సమాధి. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేసి 1844లో మన దేశంలోనే పోయినవాడు. నాలుగు మూలలా నలుగురు నిలువెత్తు మనుషులు, తలపాగాలు చుట్టుకున్న మన దేశపు మనుషులు, రాతి కప్పును తలల మీద మోస్తూ ఉంటారు. కప్పు కింద దొర పేటిక ఆకారం. వానకి ఆ నలుగురి ముఖాలూ అరిగాయి, ఒకరి ముక్కు దగ్గర నల్లటి నాచు పట్టింది. మా అమ్మ అప్పుడు నాతో ఉంది, ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే "లండన్ తీసుకొచ్చి శ్మశానం చూపిస్తావేంట్రా, రాగానే తలస్నానం చెయ్యాలి" అని గొణుగుతూ వచ్చిన మనిషి. అక్కడ ఆగి ఒక్క నిమిషం చూసి, "చచ్చాక కూడా మనవాళ్ల చేతే మోయించుకుంటున్నాడు, చూడు" అంది. దీనికంటే మంచి గైడ్ మాట నేను ఆ చోటు గురించి ఎక్కడా చదవలేదు.

ఇంత ఆడంబరం మధ్య అసలు ఘనులేమో సాదాగా ఉంటారు. సొరంగాలు, రైలు దారులు, ఓడలు కట్టిన ఇంజనీరు బ్రూనెల్, ఇక్కడ తండ్రితో కలిసి ఒక మామూలు తెల్లరాయి దిమ్మె కింద ఉన్నాడు. కంప్యూటర్ ఆలోచనకు తాత లాంటి చార్ల్స్ బాబేజ్ కూడా ఇక్కడే, 1871లో పోయాడు. మన ఐటీవాళ్లలో ఎంతమంది ఇటు రారో లెక్కేస్తే నవ్వొస్తుంది. రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాకూర్ 1846లో లండన్‌లో పోతే ఇక్కడే పూడ్చారు. బెంగాలీలు ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు, మనం బ్రౌన్‌ను వెతుక్కుంటూ వెళ్తాం.

బ్రౌన్ గురించి తెలుగువాళ్లకు పాఠం చెప్పక్కర్లేదు కానీ రెండు ముక్కలు. 1798లో కలకత్తాలో పుట్టాడు, 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు, అక్కడ బంగళా కొని సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలు తిరగరాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చేశాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. రిటైరై లండన్ వచ్చాక యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్‌గా కూడా ఉన్నాడు, 1884లో పోయాడు. కడపలో ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో బ్రౌన్ గ్రంథాలయం లేచింది. అంటే జ్ఞాపకం కడపలో, మనిషి కెన్సల్ గ్రీన్‌లో. ఇక్కడ మాత్రం డుక్రో గుడి లాంటిదేదో ఉంటుందని ఆశపడి వెళ్లకండి. తెలుగువాళ్లు అప్పుడప్పుడు పూలు పట్టుకుని వస్తుంటారు, అదే దానికి అలంకారం.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి. మూడు నాలుగు రకాల సర్వీసులు ఉన్నాయి, అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ చేయవు.

అందరికీ తెలిసింది ఫైండ్ ఎ గ్రేవ్. 1995లో జిమ్ టిప్టన్ అనే అమెరికన్, ప్రముఖుల సమాధులు చూసే సరదా కొద్దీ మొదలుపెట్టాడు, 2013లో ఆన్‌సెస్ట్రీ కంపెనీ కొనేసింది, ఇప్పుడు 20 కోట్లకు పైగా పేజీలు ఉన్నాయి. రాసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు అంతా వాలంటీర్లే. పేరు కొడితే పేజీ వస్తుంది, ఫొటో ఉంటే ఉంటుంది, లేకపోతే ఫొటో కావాలని రిక్వెస్ట్ పెడితే ఆ చుట్టుపక్కల ఉండే ఎవరో ఒక పుణ్యాత్ముడు కెమెరా పట్టుకుని వెళ్తాడు. ఈ ఒక్క ఫీచర్ కోసం దానికి దండం పెట్టాలి, గుంటూరులో కూర్చుని లండన్ సమాధి ఫొటో తెప్పించుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పేజీ మీద డిజిటల్ పూలు కూడా పెట్టొచ్చు. పూల బొమ్మ నొక్కి ఒక వాక్యం రాసి వెళ్లిపోవడం నాకు అంతగా ఎక్కలేదు, కానీ వీసా దొరకని మనవడికి అదే తద్దినం కావచ్చు, మనమెవరం కాదనడానికి. నచ్చనిది ఏంటంటే, ప్రముఖులకు వేరే పీట. బ్రూనెల్ లాంటివాళ్ల పేజీలకు సందర్శకులు నక్షత్రాలు కూడా వేస్తారు, ఎంత ఫేమస్ అని. చచ్చినవాళ్లకు కూడా రేటింగా అని తిట్టుకుని, రివ్యూ చివర్లో నేనూ నక్షత్రాలు వేయబోతున్నా, అది వేరే సంగతి.

దాంట్లో అంతగా ఎవరూ వాడని ముచ్చట ఒకటుంది, వర్చువల్ సెమెటరీ అంటారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న సమాధులను మనకు నచ్చినట్టు ఒక జాబితాగా పేర్చుకోవచ్చు. ఆలోచించండి. కెన్సల్ గ్రీన్‌లో బ్రౌన్. మన ఊళ్ల కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు రాయించి పోగేసిన కాలిన్ మెకంజీ కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో, 1821 నుంచి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ 1899లో పోయి సర్రీలోని డోర్కింగ్‌లో. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని సెంటరు వెతకాలి, డోర్కింగ్‌లో ఆయన సమాధి ఎక్కడో అడిగితే చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారో. ఈ ముగ్గురినీ నేల మీద ఒకచోట చేర్చడం ఎవరి తరమూ కాదు, తెర మీద అయితే టీ తాగేలోపు అయిపోతుంది. తెలుగువాడి కోసం తెలుగువాడు చేసుకునే శ్మశానం అన్నమాట, వినడానికి వింతగా ఉన్నా నాకు భలే నచ్చింది.

రెండోది రిజిస్టర్లు. డిసీస్డ్ ఆన్‌లైన్ లాంటి సైట్లలో బ్రిటన్ శ్మశానాల పాత రిజిస్టర్లు స్కాన్ చేసి పెట్టారు, కెన్సల్ గ్రీన్‌వి కూడా. వెతకడం ఫ్రీ, పేజీ చూడాలంటే డబ్బు. చేతిరాత, ఇంకు మరకలు, చూడ్డానికి బోరు. కానీ పైన లెక్క సరిపోలేదన్నానే, 65 వేల సమాధుల్లో రెండున్నర లక్షల మంది, ఆ తేడా అంతా ఈ రిజిస్టర్లలోనే ఉంది. సొంత జాగా కొనలేనివాళ్లను ఒకే గుంటలో ఒకరి మీద ఒకరిని పూడ్చి పైన రాయి కూడా పెట్టేవాళ్లు కాదు. నేల మీద నడిస్తే వాళ్లు మీకు గడ్డి, అంతే. రిజిస్టర్‌లో మాత్రం వాళ్లకు పేరుంది, తేదీ ఉంది, డుక్రోకి ఎంత గీత ఇచ్చారో వాళ్లకీ అంతే గీత. స్కానింగ్ వల్ల జరిగిన అసలైన మేలు ఇదే అని నా అభిప్రాయం, త్రీడీ టూర్లూ డ్రోన్ వీడియోలూ దీని తర్వాతే.

ఈ విషయంలో ఇంకా పెద్ద ఉదాహరణ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల సైటు. 1917లో పెట్టిన సంస్థ, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది లెక్క చూస్తుంది, సైట్లో వెతకడం ఫ్రీ. జనరల్ అయినా సిపాయి అయినా ఒకటే సైజు రాయి అని గొప్పగా చెప్పుకున్న సంస్థ. 2021లో వాళ్ల సొంత కమిటీ రిపోర్టే ఒప్పుకుంది, ఆఫ్రికన్లు, మన దేశం వాళ్లు, ఇంకా చాలామంది విషయంలో ఆ మాట నిలబెట్టుకోలేదని, కనీసం 1,16,000 మందికి అసలు పేరుతో గుర్తింపే లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని. ఇరాక్‌లో బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కారు, మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం రెజిమెంటు కింద ఇంతమంది అని అంకె. రాతి మీద అంకెగా మిగిలినవాడు డేటాబేస్‌లో పేరుగా దొరికితే, అక్కడ రాయి కంటే తెరే నిజాయితీగా ఉన్నట్టు. మీ ఇంట్లో ముత్తాత ఎవరైనా మొదటి యుద్ధానికి మెసపొటేమియా వెళ్లాడని చెప్పుకుంటుంటే ఒకసారి ఆ సైట్లో వెతకండి. స్పెల్లింగ్ మాత్రం పది రకాలుగా కొట్టి చూడాలి, తెలుగు పేర్లను ఆ రోజుల్లో ఇంగ్లీషు గుమాస్తాలు ఎలా రాశారో దేవుడికే తెలియాలి.

మరి లోటు ఏంటి? సెర్చ్ బాక్స్. అడిగినవాడే వస్తాడు, పక్కవాడు రాడు. నేను బ్రౌన్ కోసం వెళ్తే డుక్రో, ఆ నాటు డాక్టరు, తాడు మీద నయాగరా దాటిన బ్లోండిన్, అంతా దారిలో ఎదురయ్యారు, ఎవర్నీ నేను అడగలేదు. ముఖ్యంగా కేస్‌మెంట్ కప్పు మోసే ఆ నలుగురు. వాళ్లకు పేజీ లేదు, రిజిస్టర్‌లో గీత లేదు, ఎందుకంటే వాళ్లు అక్కడ పూడ్చబడ్డవాళ్లు కారు, నమూనాకి ఎవరు నిలబడ్డారో, అసలు నిలబడ్డారో లేదో. ఏమని టైప్ చేసి వెతుకుతారు వాళ్లను? కేస్‌మెంట్ పేరు కొడితే ఫొటోలో వస్తారు నిజమే, కానీ కేస్‌మెంట్ పేరు కొట్టే తెలుగువాడు ఎవడు చెప్పండి. ఒక జాతి ఎవర్ని తలెత్తి చూపించుకుంది, ఎవరి చేత మోయించుకుంది, ఎవర్ని గడ్డి కింద వదిలేసింది అన్నది మొత్తం ఒక్క నడకలో కళ్లకు కడుతుంది. విడివిడి పేజీల్లో అది కనపడదు.

దీన్ని కొంచెం సరిగ్గా పట్టుకున్నది నేను చూసినంతలో ఇటలీ బొలోన్యావాళ్లు. అక్కడి చెర్తోజా పాత మఠాన్ని 1801లో ఊరి శ్మశానంగా మార్చారు, కవి కార్దూచి, చిత్రకారుడు మొరాండి అక్కడే ఉన్నారు. ఆ ఊరి మ్యూజియం వాళ్లు పెట్టిన సైట్లో సమాధి నుంచి మనిషికి, మనిషి నుంచి ఆయన పాల్గొన్న పోరాటానికి, అక్కడి నుంచి అదే పోరాటంలో పోయిన ఇంకో మామూలు కుర్రాడికి లింకులు పట్టుకుని వెళ్లొచ్చు. త్రీడీ మోడళ్లు కూడా చేశారు, వాటికంటే నాకు ఈ లింకులే నచ్చాయి, కాస్త అయినా దారి తప్పనిస్తాయి. ఇటాలియన్‌లో ఉంటుంది, గూగుల్ అనువాదంతో లాగించాలి. కెన్సల్ గ్రీన్‌కి ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేదో. మన భీమిలి, బందరుల్లోని డచ్చివాళ్ల సమాధులకు ఇలాంటిది చేయడానికి ఒక కాలేజీ ప్రాజెక్టు చాలు, బీటెక్ పిల్లలెవరైనా చదువుతుంటే వినండి.

వెళ్లాలనుకునేవాళ్లకు పనికొచ్చే మాటలు. సమాధి అడ్రసు నంబరు, చదరం, వరుస అని మూడు ముక్కలుగా ఉంటుంది, ముందే రాసుకుని వెళ్లండి, ఫోన్ మ్యాపును నమ్ముకోకండి. ఒక యాప్, పేరెందుకులే, నన్ను బ్రాంబుల్ ముళ్లపొదల్లోకి తీసుకెళ్లి "చేరుకున్నారు" అంది. చాలా భాగం కావాలనే అడవిలా వదిలేశారు, పక్షులకీ నక్కలకీ మంచిదే, ప్యాంటుకి కాదు. రాళ్లు ఒరిగి ఉన్నాయి, వాటిని పట్టుకుని ఫొటోలు దిగొద్దు. చోటు మొత్తానికి గ్రేడ్ 1 వారసత్వ గుర్తింపు ఉన్నా, శిథిలమయ్యే ప్రమాదం ఉందని అక్కడి వారసత్వ కట్టడాల సంస్థ హిస్టారిక్ ఇంగ్లాండ్ జాబితాకెక్కిన చోటు ఇది, మరమ్మతులకు పట్టే డబ్బు మామూలుది కాదు. ఫ్రెండ్స్ ఆఫ్ కెన్సల్ గ్రీన్ సెమెటరీ అని వాలంటీర్ల సంఘం ఆదివారాల్లో గైడ్ టూర్లు నడుపుతుంది, వీలైతే దాంతోనే వెళ్లండి, చందా వేయండి. చాపెల్ నేలమాళిగలో శవపేటికలు అరల్లో పెట్టి ఉంటాయి, పైనుంచి పేటికను నీటి ఒత్తిడితో నెమ్మదిగా కిందికి దించే విక్టోరియా కాలపు యంత్రం ఉంది, బాగుచేసి పెట్టారు. ఇంజనీర్లు దాన్ని చూశాక కదలరు.

ఓపిక ఉంటే పక్కనే ఉన్న కాథలిక్ శ్మశానం, సెయింట్ మేరీస్‌లోకి కూడా వెళ్లండి. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసిన జమైకా నర్సు మేరీ సీకోల్ అక్కడ ఉంది. 1881లో పోయాక దాదాపు అందరూ మర్చిపోతే, 1973లో నర్సులు, జమైకా వాళ్లు పూనుకుని ఆ సమాధిని బాగుచేయించారు, ఆ తర్వాతే ఆమె పేరు మళ్లీ జనం నోళ్లలో పడింది. మన బ్రౌన్ విషయంలో ఏం చేయొచ్చో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

నక్షత్రాలు: నేల మీది కెన్సల్ గ్రీన్‌కి ఐదుకి నాలుగున్నర, ఆ సగం ముళ్లకి కోత. ఫైండ్ ఎ గ్రేవ్‌కి మూడున్నర, తెలుగులో లేదు, ప్రముఖుల పిచ్చి ఉంది, ఫొటో రిక్వెస్టు మాత్రం బంగారం. రిజిస్టర్ సైట్లకి నాలుగు, డబ్బు అడుగుతారు కాబట్టి. వార్ గ్రేవ్స్ సైటుకి నాలుగు, చేసిన తప్పు తామే తవ్వి బయటపెట్టుకున్నందుకు ఒక అర అదనం.

శీతాకాలంలో గేట్లు తొందరగా మూసేస్తారు, మధ్యాహ్నం లోపే వెళ్లండి. లోపల తినడానికి ఏమీ దొరకదు, పెద్దవాళ్లతో వెళ్తుంటే నీళ్లు, పులిహోర డబ్బా పట్టుకెళ్లండి, బాత్రూమ్ పని స్టేషన్ దగ్గరే చూసుకుని కదలండి.